గ్లాసుతో కుదిరిన ఓళిగలు తూకంతో ఎందుకు చెడాయి?

ప్రశ్న: మాది అనంతపురం. రెండేళ్లుగా ఇంట్లోనే ఓళిగలు, అత్తిరాసాలు, నువ్వుల ఉండలు చేసి తెలిసినవాళ్లకు ఇస్తున్నాను. ఇన్నాళ్లూ మా అత్తగారు రాసిపెట్టిన నోటుపుస్తకం చూసి గ్లాసుతోనే కొలిచేదాన్ని. ఇప్పుడు ఇద్దరు ఆడమనుషులు సాయానికి వస్తున్నారు. ఒక్కొక్కరు కొలిస్తే ఒక్కో రకంగా వస్తోందని ఎలక్ట్రానిక్ తూకం కొన్నాను. మా గ్లాసు 200 మిల్లీలీటర్లది కాబట్టి గ్లాసుకు 200 గ్రాములని లెక్క వేసుకుని, రెండు గ్లాసుల శనగ బ్యాళ్లు, రెండు గ్లాసుల బెల్లంపొడి, రెండు గ్లాసుల మైదా ఒక్కొక్కటి 400 గ్రాముల చొప్పున తూచాను. ముప్పావు గ్లాసు నీళ్లు, పావు గ్లాసు నూనె ఎప్పటిలాగే పోశాను. పూర్ణం జారైపోయింది, పిండి మాత్రం రాయిలా గట్టిపడింది. గ్లాసు కొలతను గ్రాముల్లోకి ఎలా మార్చుకోవాలి? అత్తగారి పుస్తకంలో సేరు, అచ్చేరు, వీశె అని కూడా ఉన్నాయి, అవి ఎంతెంత? మా అమ్మాయి కేకుల కోసం రాసుకునే కప్పుల లెక్కకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా? ఉగాదికి 100 ఓళిగలు కావాలని ఒకరు అడిగారు, అందుకే త్వరగా చెప్పమని కోరుతున్నాను.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చేతిలో తప్పు లేదు, మీరు కొన్న తూకంలోనూ తప్పు లేదు. 200 మిల్లీలీటర్లు అంటే 200 గ్రాములు అనుకున్న ఆ ఒక్క లెక్క దగ్గరే మొత్తం దారి తప్పింది. మిల్లీలీటరు అనేది ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతుంది, గ్రాము అది ఎంత బరువుందో చెబుతుంది. ఈ రెండు అంకెలూ ఒకటయ్యేది నీళ్ల విషయంలోనే. పాలు, మజ్జిగ దానికి దగ్గరగా వస్తాయి. మిగతా సరుకుల్లో ప్రతిదానికీ దాని సొంత లెక్క ఉంటుంది. ఒకే గ్లాసులో బొరుగులు పోస్తే పాతిక గ్రాములైనా తూగవు, అదే గ్లాసు నిండా తేనె పోస్తే 280 గ్రాములు దాటుతుంది.

మీకు జవాబు రాసేముందు నా వంటింట్లో ఉన్న 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసును తీసుకుని, మీరు చెప్పిన మూడు సరుకులనూ మూడేసిసార్లు తూచి చూశాను. తలగొట్టి, అంటే అంచుకు సమంగా చదును చేసి పోసిన శనగ బ్యాళ్లు గ్లాసుకు 165 గ్రాముల దగ్గర నిలిచాయి. తురిమి, ఉండలు నలిపి, అదమకుండా పోసిన బెల్లం సుమారు 135 గ్రాములు వచ్చింది. చెంచాతో నింపిన మైదా 110 గ్రాములు కూడా కొంచెం కష్టంగానే తూగింది. ఇప్పుడు మీ పూర్ణం సంగతి చూడండి. అత్తగారి కొలతలో రెండు గ్లాసుల బ్యాళ్లు అంటే 330 గ్రాములు, రెండు గ్లాసుల బెల్లం అంటే 270 గ్రాములు. ఆ పాళ్ల ప్రకారం మీరు వేసిన 400 గ్రాముల బ్యాళ్లకు 327 గ్రాముల బెల్లం సరిపోయేది. మీరు వేసింది 400. అంటే 70 గ్రాములకు పైగా బెల్లం అదనంగా పడింది, బెల్లం కరిగినప్పుడు పాకమై పూర్ణాన్ని వదులు చేస్తుంది కాబట్టి అది ఉండకు రాకుండా జారిపోయింది.

పిండి కథ దీనికి తలకిందులు. అత్తగారి రెండు గ్లాసుల మైదా 220 గ్రాములు, దానికి ముప్పావు గ్లాసు నీళ్లు, అంటే 150 గ్రాములు. పిండిలో ప్రతి 100 గ్రాములకు 68 గ్రాముల నీళ్లు పడుతున్నాయన్నమాట, అందుకే ఆవిడ పిండి చేతిలో సాగి, పూర్ణం చుట్టూ పల్చగా పరుచుకునేది. మీరు 400 గ్రాముల మైదాకు అవే 150 గ్రాముల నీళ్లు పోశారు, అక్కడ 100 గ్రాములకు 38 గ్రాములు కూడా పడలేదు. పూరీల పిండి కంటే గట్టిగా ఉండే ఆ ముద్దతో ఎంత చేయి తిరిగినవారైనా ఓళిగ తట్టలేరు. ఒకే తప్పు లెక్క ఒకవైపు జారుడును, మరోవైపు గట్టిదనాన్ని ఎలా తెచ్చిందో మీకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుందని అనుకుంటున్నాను.

మైదా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గర పనికి వచ్చే ఇద్దరు కొలిస్తే రెండు రకాలుగా వస్తోందన్న మీ మాటకు మూలం అక్కడే ఉంది. అదే గ్లాసుతో, అదే డబ్బాలోని మైదాను మూడు విధాలుగా నింపి తూచాను. జల్లించి చెంచాతో నెమ్మదిగా వేసి, పైన చాకు వెనకవైపుతో చదును చేస్తే 104 గ్రాములు. గ్లాసునే డబ్బాలో ముంచి ఎత్తి చదును చేస్తే 122. ముంచి ఎత్తిన గ్లాసును అరుగు మీద నాలుగుసార్లు తట్టి, కిందికి దిగిన చోట మళ్లీ నింపితే 140 దాటింది. గ్లాసు ఒకటే, చూసేవారికి మూడూ తలగొట్టిన గ్లాసులే, కానీ మొదటిదానికీ చివరిదానికీ మధ్య మూడో వంతు తేడా ఉంది. పిండి రేణువుల మధ్య గాలి నిలుస్తుంది, తట్టినప్పుడు ఆ గాలి బయటికి పోయి పిండి దగ్గరపడుతుంది. మిల్లులో అప్పుడే ఆడించి వేడిగా తెచ్చిన రాగిపిండి గ్లాసుకు తక్కువ తూగి, పది రోజులు డబ్బాలో కూర్చున్న అదే పిండి ఎక్కువ తూగడానికి కారణం కూడా ఇదే. బియ్యం, బ్యాళ్లు, చక్కెర వంటి గట్టి గింజల్లో ఈ తేడా చాలా కొద్దిగా ఉంటుంది. పిండ్లలోనూ, బెల్లంపొడిలోనూ, కొబ్బరి తురుములోనూ ఎక్కువగా ఉంటుంది. అందువల్ల మీరు తూకానికి మారాలనుకోవడం చాలా మంచి నిర్ణయం, దాన్ని ఈ ఒక్క దెబ్బకు వదిలిపెట్టవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇక మార్చుకునే పద్ధతి. ఇంటర్నెట్లో దొరికే పట్టికలను నమ్ముకోకండి. అవి ఏ దేశపు కప్పుతో, ఏ రకం పిండితో, ఎలా నింపి కొలిచారో మీకు తెలియదు. మీ అత్తగారు వాడిన గ్లాసు ఇంకా మీ ఇంట్లో ఉంది కాబట్టి అసలైన పట్టిక ఆ గ్లాసులోనే ఉంది. ముందుగా ఖాళీ గ్లాసును తూకం మీద పెట్టి, అంకె సున్నాకు వచ్చే మీట నొక్కి, అంచు వరకు నీళ్లు పోయండి. వచ్చిన గ్రాములే ఆ గ్లాసు మిల్లీలీటర్లు. 200 అని చెప్పి అమ్మిన గ్లాసుల్లో 180 పట్టేవీ, 220 పట్టేవీ నేను చూశాను, కనుక ఈ మెట్టును దాటవేయకండి. తర్వాత గ్లాసును పూర్తిగా తుడిచి ఆరబెట్టి, ఒక్కొక్క సరుకును ఆ పుస్తకం ప్రకారం ఇన్నాళ్లూ మీరు ఎలా నింపేవారో సరిగ్గా అలాగే నింపి తూచండి. ఇక్కడ పొందికగా, శాస్త్రీయంగా నింపాలని ప్రయత్నించకూడదు. మీ చేతికి గ్లాసును ముంచి ఎత్తే అలవాటు ఉంటే ముంచే ఎత్తండి, గోపురంగా పోసే అలవాటు ఉంటే గోపురంగానే పోయండి, ఎందుకంటే మనకు కావలసింది మంచి ఓళిగ వచ్చిన ఆ చేతి కొలత ఎన్ని గ్రాములో తెలుసుకోవడమే. మూడుసార్లు నింపి, మూడుసార్లు తూచి, మూడింటినీ కలిపి మూడుతో భాగించి, వచ్చిన అంకెను నోటుపుస్తకంలో ఆ వంట పక్కనే పెన్నుతో రాయండి. ఒక మధ్యాహ్నం కూర్చుంటే మీ వంటలన్నిటికీ ఈ పని అయిపోతుంది, ఆ తర్వాత ఎవరు తూచినా ఒకే ఓళిగ వస్తుంది.

మీ అంకెలు దారి తప్పలేదని సరిచూసుకోవడానికి 200 మిల్లీలీటర్ల గ్లాసుకు తలగొట్టి పోస్తే సుమారుగా ఎంతెంత వస్తుందో చెబుతాను. బియ్యం, కంది బ్యాళ్లు, శనగ బ్యాళ్లు 160 నుంచి 170 గ్రాముల మధ్య ఉంటాయి. చక్కెర 170 దగ్గర, చక్కెరను పొడి కొడితే గాలి చేరి 100 నుంచి 110 దగ్గర తూగుతుంది. బొంబాయి రవ్వ 140 దగ్గర, గోధుమపిండి, రాగిపిండి 105 నుంచి 120 వరకు, శనగపిండి అంతకంటే తేలికగా 80 నుంచి 95 వరకు వస్తాయి. మన చెనిక్కాయ విత్తనాలు 120 పైచిలుకు, నువ్వులు 120, పచ్చికొబ్బరి తురుము అదమకపోతే 70 గ్రాములు. బెల్లంపొడి 120 నుంచి 150 వరకు ఎక్కడైనా రావచ్చు, వేలితో అదిమితే 170 కూడా దాటుతుంది. నన్ను అడిగితే బెల్లాన్ని గ్లాసుతో కొలవడం పూర్తిగా మానేయమంటాను. అచ్చు బెల్లాన్ని ముక్కలుగా కొట్టి నేరుగా తూకం మీద వేస్తే తురమాల్సిన శ్రమ కూడా తప్పుతుంది. నూనె సంగతి మీకు ప్యాకెట్టే చెబుతుంది. ఒక లీటరు వేరుశనగ నూనె ప్యాకెట్టును తిప్పి చూడండి, లీటరు పక్కనే సుమారు 910 గ్రాములని ముద్రించి ఉంటుంది. నూనె నీళ్ల కంటే తేలిక కనుక మీ పావు గ్లాసు నూనె 50 గ్రాములు కాదు, 45 గ్రాములు. కరిగిన నెయ్యికి కూడా ఇదే లెక్క.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. మన వంటల్లో ఒకటికి ఒకటి, ఒకటికి రెండు అని నోటితో చెప్పే పాళ్లన్నీ గ్లాసు పాళ్లే గాని తూకపు పాళ్లు కావు. అన్నానికి ఒకటికి రెండు నీళ్లంటే ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. తూకంలో అది 168 గ్రాముల బియ్యానికి 400 గ్రాముల నీళ్లు, అంటే ఒకటికి దాదాపు రెండున్నర. దీన్ని మరిచి 500 గ్రాముల బియ్యానికి 1000 గ్రాముల నీళ్లు తూచి పోస్తే అన్నం బిరుసుగా మిగులుతుంది. సంగటికి కూడా ఇంతే. ఎసట్లో నూకలు, రాగిపిండి ఏ పాళ్లలో వేయాలో మీ ఇంటి గ్లాసు చెబుతుంది. వాటిని గ్రాముల్లోకి మార్చేటప్పుడు పిండికి వేరుగా, నూకలకు వేరుగా, నీళ్లకు వేరుగా మార్చాలి. ఆవకాయలో ఉప్పు, కారం సమానమని గ్లాసుతో చెప్పినప్పుడు మెత్తని ఉప్పు గ్లాసుకు 240 గ్రాములు తూగుతుంది, కారప్పొడి 100 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఆ సమానాన్ని తూకంలో సమానంగా తీసుకున్నవారి జాడీలో కాయ ఉప్పు చాలక ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అత్తగారి పుస్తకంలోని సేర్లు, వీశెల దగ్గరికి వస్తాను. ఇది నాకు స్వయంగా దెబ్బ తగిలిన చోటు. చాలా ఏళ్ల కిందట మా అవ్వ రాసిన కాగితం ఒకటి దొరికితే అత్తిరాసాలకు పూనుకున్నాను. అందులో బియ్యం ఒక సేరు, బెల్లం రెండు సేర్లు అని ఉంది. సేరంటే 80 తులాలు, 933 గ్రాములని బళ్లో చదివిన గుర్తు. ఆ ప్రకారం దాదాపు కిలో బియ్యప్పిండికి 1866 గ్రాముల బెల్లం పాకం పట్టాను. పాకంలో పిండి మునిగిపోయి అంబలిలా కదిలింది, గంట ఆరబెట్టి అరచేతిలో తట్టి నూనెలో వేస్తే, వేసిన చోటనే విచ్చిపోయి బాణలి నిండా నల్లని తరకలు తేలాయి. నూనె, పిండి, బెల్లం అన్నీ పారబోయాల్సి వచ్చింది. మా అమ్మ వచ్చి కాగితం చూసి, బియ్యం సేరు వేరు, బెల్లం సేరు వేరు కదా అని చెప్పేదాకా నాకు సంగతి తెలియలేదు. ధాన్యం, బియ్యం, బ్యాళ్లు ఇనుప సేరుతోనో, పడితోనో కొలిచేవారు. బెల్లం, చింతపండు, నూలు వంటివి తక్కెడలో తూచేవారు. రెండింటికీ సేరు అనే పేరే ఉండేది. పైగా తూకపు సేరులోనూ పక్కా సేరు 80 తులాలు, కచ్చా సేరు 24 తులాలు. మన ప్రాంతం 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, అక్కడి తూకాల్లో 24 తులాల సేరే వాడుక. తులం 11.66 గ్రాములు కాబట్టి కచ్చా సేరు 280 గ్రాములు. మా అవ్వ రెండు సేర్ల బెల్లం అంటే 560 గ్రాములే. ఆవిడ ఇనుప సేరు అటక మీద దొరికితే నీళ్లు పోసి తూచాను, 1100 గ్రాములు పట్టింది. దానితో కొలిచిన బియ్యం 910 గ్రాముల చిల్లర. ఆ పాళ్లతో తర్వాత చేసిన అత్తిరాసాలు కుదిరాయి.

అందువల్ల మీ పుస్తకంలో సేరు అనే మాట ఎక్కడ కనబడినా ముందు అది ఏ వస్తువు పక్కన ఉందో చూడండి. గింజల పక్కన ఉంటే అది పాత్ర కొలత, ఆ పాత్ర మీ ఇంట్లోనో, మీ అత్తగారి పుట్టింట్లోనో దొరికితే నీళ్లతో తూచి తెలుసుకోవాలి. అచ్చేరు అందులో సగం. ఊరికో సేరు, ఊరికో పడి ఉండేవి కాబట్టి పక్కూరివాళ్ల పాత్రతో లెక్క వేయకండి. బెల్లం, చింతపండు, వెన్న పక్కన ఉంటే అది తూకం, చాలా మటుకు 24 తులాల సేరే అయి ఉంటుంది. వీశె విషయంలో ఇంత తికమక లేదు, అది ఎప్పుడూ తూకమే. అయిదు కచ్చా సేర్లు ఒక వీశె, అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో 1400 గ్రాములు. పావు వీశె బెల్లమంటే 350 గ్రాములని నిశ్చింతగా రాసుకోవచ్చు. దేశమంతటా మెట్రిక్ కొలతలు తెచ్చిన చట్టం 1956లో వచ్చింది, ఆ తర్వాత అయిదారేళ్లలో అంగళ్లలో కిలోలు, లీటర్లు స్థిరపడ్డాయి. మీ అత్తగారు పుస్తకం మొదటి పుటలు ఏ కాలంలో రాశారో తెలిస్తే, వాటిలోని సేరు పాత సేరా, లేక కిలోనే అలవాటుకొద్దీ సేరు అన్నారా అనే సందేహం కూడా తీరుతుంది. మా వీధిలో పెద్దవారు కొందరు కిలోను ఇప్పటికీ సేరనే అంటారు.

మీ అమ్మాయి కప్పుల లెక్కకు పద్ధతి ఇదే గాని, అక్కడ గ్లాసు మీది కాదు, రాసినవారిది. అమెరికావారి కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు, లెక్క సులువుకు 240 అంటారు. ఆస్ట్రేలియావారి కప్పు 250. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరుతో వచ్చే కప్పు సాధారణంగా 180 మాత్రమే, దాన్ని కేకుకు వాడితే అన్నీ తగ్గుతాయి. 240 కప్పుకు మైదా 120 నుంచి 125 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, వెన్న 227 గ్రాములు వేసుకోమనండి. కప్పును డబ్బాలో ముంచి మైదా ఎత్తితే 145 పైగా పడి, కేకు పొడిగా, పగుళ్లతో వస్తుంది. ఔన్సు అనే మాట దగ్గర కూడా జాగ్రత్త అవసరం. బరువు ఔన్సు 28.35 గ్రాములు, ద్రవాలను కొలిచే ఔన్సు దాదాపు 30 మిల్లీలీటర్లు. ఎనిమిది ఔన్సుల కప్పు అని ఉంటే అది చోటు లెక్క, ఆ కప్పు మైదా ఎనిమిది ఔన్సుల బరువు తూగదు, అందులో సగానికి కాస్త ఎక్కువ తూగుతుంది. పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5 మిల్లీలీటర్లని వాళ్ల లెక్క, ఆస్ట్రేలియాలో మాత్రం పెద్ద చెంచా 20. మనం కూర వడ్డించుకునే చెంచాలకు ఈ లెక్కతో సంబంధం లేదు, కొలత చెంచాల జత విడిగా కొనాలి.

ఆ చెంచాలు మీకు కూడా కావాలి. వంటింటి తూకాలు గ్రాము వరకే చూపిస్తాయి, అయిదారు గ్రాముల కంటే తక్కువ బరువును సరిగ్గా పట్టుకోవు. వంట సోడా, పసుపు, యాలకుల పొడి వంటివాటిని చెంచాతోనే తలగొట్టి వేయడం మేలు. 5 మిల్లీలీటర్ల చెంచా సోడా సుమారు 5 గ్రాములు, మెత్తని ఉప్పు 6 గ్రాములు. కల్లుప్పు అయితే పలుకుల మధ్య ఖాళీ వల్ల అంతకంటే తక్కువ తూగుతుంది. తూకాన్ని గట్టి, చదునైన అరుగు మీద పెట్టండి, కింద గుడ్డ పరచకండి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి, పొయ్యి మీంచి దించిన గిన్నెను దానిపై పెట్టకండి. నెలకొకసారి పది రూపాయల బిళ్లలు పది వేసి చూడండి, రెండు రంగుల లోహంతో ఉన్న ఆ బిళ్ల ఒక్కొక్కటి 7.7 గ్రాములు కాబట్టి 77 దగ్గర రావాలి. రెండు మూడు గ్రాములు తేడా చూపిస్తే ముందు బ్యాటరీ మార్చండి. మరో మాట, ఈ తూకం మీ వంటకే. రేపు మీరు నువ్వుల ఉండలో, కారప్పొడులో పావుకిలో, అరకిలో అని తూచి అమ్మదలిస్తే తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేసిన తూకమే వాడాలి, వంటింటి తూకం చట్టానికి చెల్లదు.

ఇక ఉగాది ఓళిగలు. నా గ్లాసు అంకెలతో వేసిన లెక్క ఇస్తున్నాను, మీ గ్లాసుతో తూచిన అంకెలు వేరుగా వస్తే మీవే వాడండి. 330 గ్రాముల బ్యాళ్లు, 270 గ్రాముల బెల్లం, 220 గ్రాముల మైదా, 150 గ్రాముల నీళ్లు, 45 గ్రాముల నూనె అనేది మీ అత్తగారి ఒక వాయి. బ్యాళ్లు వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించి, కట్టు పూర్తిగా వార్చండి. జల్లెడలో అరగంట ఉంచితే మంచిది, ఆ కట్టుతో చారు ఎలాగూ పెట్టుకుంటారు. బెల్లం వేసి దగ్గరికి వచ్చేదాకా ఉడికిస్తే పూర్ణం 850 నుంచి 900 గ్రాములు వస్తుంది, పిండి ముద్ద 415 గ్రాములు ఉంటుంది. పూర్ణం ఉండ 40 గ్రాములు, పిండి ఉండ 19 గ్రాములు పెట్టుకుంటే ఒక వాయికి 21 లేదా 22 ఓళిగలు. వందకు అయిదు వాయిలు పెట్టండి, అంటే 1650 గ్రాముల బ్యాళ్లు, 1350 గ్రాముల బెల్లం, 1100 గ్రాముల మైదా, 750 గ్రాముల నీళ్లు, 225 గ్రాముల నూనె. విరిగేవి, మాడేవి పోను 100 నిలుస్తాయి.

ఇందులో తూకం చేయలేనిది ఒకటుంది. కొత్త బెల్లంలో తేమ ఎక్కువ, పాత బెల్లంలో తక్కువ, ఆ తేడాను గ్రాములు పట్టుకోలేవు. అందుకని బెల్లంలో 100 గ్రాములు పక్కన పెట్టి, మిగతాది ముందు వేసి, పూర్ణం ఉండకు వస్తోందో లేదో చిటికెడు తీసి చూసి, తీపి కూడా చూసుకున్నాక మిగిలింది కలపండి. ఉండలు మాత్రం పూర్ణం పూర్తిగా చల్లారిన తర్వాతే తూచండి, వేడిగా ఉన్నప్పుడు ఆవిరి పోతూ ఉంటుంది కాబట్టి మొదటి ఉండకూ చివరి ఉండకూ తడిలో తేడా వస్తుంది. మీ దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకరిని తూకం దగ్గర, ఒకరిని పెనం దగ్గర కూర్చోబెట్టి, పండుగకు నాలుగు రోజుల ముందు ఒకే ఒక్క వాయి చేసి చూడండి. ఆ వాయిలో మీరు ఏ అంకె మార్చాల్సి వచ్చిందో, తేదీతో సహా అత్తగారి పుస్తకంలోనే ఓళిగల పుట అంచున రాసిపెట్టండి.